శ్లేష్మ పొర దెబ్బతిందన్నారు, అసలు అదేంటి? (ముక్కు చుక్కలు మానలేకపోతున్నా)

రాత్రిడ్యూటీ · సోమవారం, రాత్రి 2:14

నాలుగు నెలల కింద జలుబు చేసింది. ముక్కు దిబ్బడకి మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చారు. వేసుకున్న రెండు నిమిషాలకి ముక్కు తెరుచుకుంది, ప్రాణం లేచొచ్చింది. జలుబు వారంలో పోయింది. చుక్కలు పోలేదు. ఇప్పుడు రోజుకి ఆరేడు సార్లు వేస్తున్నా. దిండు కింద ఒక సీసా, ఆఫీసు డ్రాయర్లో ఒకటి. మొన్న అర్ధరాత్రి దిండు కిందది అయిపోతే టెన్షన్ పడిపోయి, తెరిచున్న షాపు కోసం మూడు కిలోమీటర్లు బండి మీద తిరిగా. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

చివరికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లా. లైటు వేసి చూసి, "శ్లేష్మ పొర బాగా వాచిపోయింది, చుక్కలు ఆపెయ్యండి" అని వేరే స్ప్రే రాసి పంపేశారు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఇంకేమైనా అడగాలంటే మొహమాటమేసింది.

శ్లేష్మం అంటే చీమిడే కదా. దానికి పొరేంటి? చుక్కలకీ దానికీ ఏం సంబంధం? శ్లేష్మంలో పడ్డ ఈగలా ఉంది నా పని, నిజంగానే.

ల్యాబుకోటు · సోమవారం, ఉదయం 6:40

పాథాలజీ ల్యాబులో 19 ఏళ్లుగా స్లైడ్లు చేస్తున్నాను, డాక్టర్ని కాను. తెలిసినంత చెబుతా.

శ్లేష్మం సరుకు. శ్లేష్మ పొర దాన్ని తయారుచేసే ఫ్యాక్టరీ. అద్దం ముందు నిలబడి కింది పెదవిని వేలితో బయటికి మడవండి. బయట పొడి చర్మం, మధ్యలో పెదవి ఎరుపు, లోపల తడిగా మెరిసే గులాబీ రంగు. ఆ మెరిసేదే శ్లేష్మ పొర. కింది కనురెప్ప లాగి చూసినా అదే కనబడుతుంది. ఒంటికి బయటికి తెరుచుకునే దారులున్నాయి కదా, నోరు, ముక్కు, మూత్రం దారి, మలద్వారం, ఆడవాళ్లకి యోని, వాటి లోపలి గోడలంతా ఈ పొరే. నోటి దగ్గర మొదలై కింద దాకా ఎక్కడా తెగకుండా ఒకటే అస్తరు. గాలి, తిండి, దుమ్ము, క్రిమి, ఏది లోపలికి రావాలన్నా ముందు దీన్ని దాటాలి.

మైక్రోస్కోపు కింద పేగు ముక్క పెడితే కణాల వరుసలో అక్కడక్కడా కల్లు ముంతల్లాంటివి కనిపిస్తాయి. వాటిని గోబ్లెట్ కణాలంటారు. మామూలు రంగు వేస్తే ఖాళీ ముంతల్లా పాలిపోయి ఉంటాయి. పీఏఎస్ అనే రంగు వేశామా, ముంతలన్నీ నిండు మెజెంటా అయిపోతాయి. ఇన్నేళ్లయినా నాకు ఆ స్లైడు చూస్తే సరదానే. ఆ ముంతల్లో ఉండేది మ్యూసిన్ అనే ప్రొటీను, ఒళ్లంతా చక్కెర గొలుసులు తగిలించుకుని ఉంటుంది. లోపల పొడి సబ్జా గింజలా అణిగి ఉండి, బయటికి రాగానే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. శ్లేష్మంలో నూటికి 95 పాళ్లు నీళ్లే. ఆ జిగురంతా మిగిలిన కొంచెంలోంచి వస్తుంది.

ఇక మీ ముక్కు. లోపల అడ్డంగా కండ మడతలుంటాయి. వాటి మీది పొర కింద రక్తంతో నిండే స్పాంజి లాంటి భాగం ఉంటుంది. బయటి గాలిని వేడి చేసి, తడిపి ఊపిరితిత్తులకి పంపడం వాటి పని. జలుబు చేసినప్పుడు ఆ స్పాంజి ఉబ్బుతుంది. దిబ్బడ అంటే ఎక్కువ భాగం ఈ ఉబ్బే, చీమిడి కాదు. అందుకే ఎంత చీదినా ఏమీ రాదు, ముక్కు మాత్రం తెరుచుకోదు. ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ లాంటి చుక్కలు అక్కడి రక్తనాళాల్ని బిగిస్తాయి, స్పాంజి కుంచించుకుపోతుంది. మందు దిగాక తిరగబడి ముందుకంటే ఎక్కువ ఉబ్బుతుంది. మీరు మళ్లీ వేస్తారు. మూడు నుంచి అయిదు రోజులకి మించి వాడొద్దనేది ఇందుకే. మీకిప్పుడున్న దిబ్బడ జలుబుది కాదు, చుక్కలది.

మందులబీరువా · సోమవారం, ఉదయం 9:05

మెడికల్ షాపు నాది. నిజం చెబుతున్నా, ఈ చుక్కలు చీటీ లేకుండా ఎంతమందికి అమ్మానో లెక్క లేదు. అయిదు రోజుల మాట సీసా మీదే ఉంటుంది, అది చదవాలంటే భూతద్దం కావాలి. నెలకి నాలుగు సీసాలు కొనే కస్టమరుకి ఒకసారి చెప్పి చూశా. పక్క షాపుకి మారిపోయాడు.

రాత్రిడ్యూటీ · సోమవారం, ఉదయం 9:30

@మందులబీరువా అన్నా, ఆ పక్క షాపుకి మారేది మాలాంటివాళ్లమే 🙏

@ల్యాబుకోటు గారూ, ఇదివరకు ఒకాయన "ముక్కులో కండ పెరిగింది" అన్నారు. ఆ కండ ఇదేనా?

ల్యాబుకోటు · సోమవారం, ఉదయం 10:12

చాలాసార్లు ఇదే. ఆ మడతలు అందరికీ పుట్టుకతో ఉంటాయి, వాచినప్పుడు పెరిగినట్టు కనబడతాయి. నిజంగా పెరిగే పాలిప్‌లు వేరు. మీది ఏదో మీ డాక్టరే చెప్పాలి.

మిర్చిఘాటు · సోమవారం, మధ్యాహ్నం 1:20

ఈ పొర సంగతి మా గుంటూరోళ్లకి చెప్పక్కర్లేదండీ. సీజన్లో మిర్చి యార్డు గేటు దాటగానే కొత్తవాడెవడో తుమ్ముల్నిబట్టి పట్టేస్తాం. బస్తా కోసి కాయలు కుమ్మరించారంటే పది గజాల దూరంలో ఉన్నవాడికి కళ్లు, ముక్కు, గొంతు ఒకేసారి మండుతాయి. ముఠా కూలీలు తువ్వాలు ముక్కుకి చుట్టుకునే పనిచేస్తారు. నా డౌటేంటంటే, అదే దుమ్ము చేతుల మీద ఎంత పడినా ఏమీ అనిపించదు. ముక్కులో, కంట్లో రవ్వంత పడితే చాలు, చుక్కలు కనబడతాయి. ఎందుకలా?

ఫిజిక్సుమాస్టారు · సోమవారం, సాయంత్రం 5:02

చర్మం మీద చచ్చిన కణాల పొలుసు మందంగా ఉంటుంది, కారం దాన్ని దాటి నరం దాకా పోవాలంటే టైము పడుతుంది. (ఊరగాయ రోజున రెండు కిలోల మిరపకాయలు తరిగి చూడండి, రాత్రికి చేతులూ భగ్గుమంటాయి.) శ్లేష్మ పొరకి ఆ పొలుసు కవచం లేదు, ఉన్నచోట కూడా పలచనే. నరాల కొసలు తడి కిందే ఉంటాయి.

ఇంకో తమాషా: కారం రుచి కాదు, వేడి. మిరపలోని క్యాప్‌సైసిన్ అతుక్కునే సెన్సరు, 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే సెన్సరు రెండూ ఒకటే. డేవిడ్ జూలియస్ 1997లో దాన్ని పట్టుకున్నాడు, 2021లో నోబెల్ వచ్చింది. అంటే ముక్కు మీకు అబద్ధం చెప్పడం లేదు. మంట అంటుకుందనే దానికి నిజంగా అనిపిస్తోంది. తుమ్ము, కన్నీళ్లు, కారే ముక్కు, అన్నీ ఆ మంట మీద పోసే నీళ్లే.

మిర్చిఘాటు · సోమవారం, సాయంత్రం 5:40

అందుకేనా నీళ్లు తాగితే తగ్గదు, పెరుగన్నం తింటే తగ్గుతుంది?

ఫిజిక్సుమాస్టారు · సోమవారం, సాయంత్రం 5:51

అదే. క్యాప్‌సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలల్లో, పెరుగులో ఉండే కేసీన్ ప్రొటీను కూడా దాన్ని కడిగేస్తుంది. ఆవకాయన్నంలో నెయ్యి వేసుకోమన్న అమ్మమ్మకి ఈ సంగతులేవీ తెలియవు, తెలియాల్సిన పనీ లేదు.

కఫవాది · సోమవారం, రాత్రి 8:15

ఇదంతా ఆయుర్వేదంలో వేల ఏళ్ల కిందే ఉంది. వాత, పిత్త, కఫాల్లో కఫమే శ్లేష్మం. ఇప్పుడు పీఏఎస్సూ జీఏఎస్సూ అని కొత్తగా చెబుతున్నారు.

శ్లేషపంతులు · సోమవారం, రాత్రి 9:33

రిటైరైన తెలుగు మాస్టార్ని, సైన్సు జోలికి పోను. పేరులోనే శ్లేష పెట్టుకున్నాను కాబట్టి ఒక్క మాట.

ఆయుర్వేదం చెప్పే కఫం ఒంటిని పట్టి ఉంచే ఒక గుణం, దోషం. కీళ్లలోనూ ఉంటుందంటారు. ముక్కులోంచి కారే చీమిడి, గొంతులో కళ్లె దాని ఒక రూపం మాత్రమే. రెండింటినీ ఒకటి చేస్తే ఆ శాస్త్రానికీ అన్యాయమే.

మాట సంగతి మాత్రం బాగుంటుంది. "శ్లిష్" అంటే అంటుకోవడం, కౌగిలించుకోవడం. శ్లేష్మం అందులోంచే వచ్చింది. ఒక మాటకి రెండర్థాలు అతుక్కుంటే శ్లేషాలంకారం. ఆశ్లేషం అంటే కౌగిలి. చీమిడీ కౌగిలీ ఒక ధాతువు బిడ్డలని క్లాసులో చెబితే పిల్లలు ఇష్షీ అనేవారు. ఈగ సామెత కట్టినవాడు కూడా దాన్ని దగ్గరగా చూసే కట్టి ఉంటాడు. ఈగ మునగదు, కుట్టదు, ఎగరలేదు. ఎంత కొట్టుకుంటే అంత చుట్టుకుంటుంది.

ల్యాబుకోటు · సోమవారం, రాత్రి 10:20

పంతులుగారూ, ఆ ఈగ చోట దుమ్ము కణాన్నో బ్యాక్టీరియానో పెట్టండి, శ్లేష్మం చేసే పని మొత్తం మీరే చెప్పేసినట్టు.

పట్టుకుని ఊరుకోదు, మోసుకుపోతుంది కూడా. ముక్కులో, ఊపిరి గొట్టాల్లో కణాల మీద సన్నటి వెంట్రుకలుంటాయి. సెకనుకి పది సార్లకి పైనే కొట్టుకుంటాయి, గాలికి వరిచేను ఊగినట్టు అలలు అలలుగా. పైన జిగురు దుప్పటి నెమ్మదిగా గొంతు వైపు జరిగిపోతుంటుంది. మనకి తెలియకుండా మింగేస్తాం, మిగతాది కడుపులో యాసిడ్ చూసుకుంటుంది. పొగ తాగేవాళ్లలో ఈ వెంట్రుకలు మందగిస్తాయి, కొన్నిచోట్ల రాలిపోతాయి. పొద్దున్నే ఆ దగ్గు అందుకే, కన్వేయర్ చెడిపోతే సరుకుని చేత్తో మోయాలి కదా.

ఈ కదలికని కొలిచే పరీక్ష ఒకటుంది. ముక్కు లోపల ముందు భాగంలో శాకరిన్ పలుకు పెట్టి, కదలకుండా కూర్చోబెడతారు. గొంతులో తీపి ఎప్పుడు తగిలిందో చూస్తారు. మామూలుగా 20 నిమిషాల లోపు తగలాలి. ట్రైనింగులో మా మీద మేమే చేసుకున్నాం. నాకు 11 నిమిషాలు. పక్కన కూర్చున్న సిగరెట్ మిత్రుడు అరగంటకి లేచి "నాకు షుగర్ లేదేమో" అన్నాడు.

శ్లేష్మంలో ఆయుధాలూ ఉంటాయి. 1921లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్‌కి జలుబు చేస్తే తన ముక్కు చీమిడినే బ్యాక్టీరియా పెంచే పళ్లెంలో వేసి చూశాడు. దాని చుట్టూ బ్యాక్టీరియా కరిగిపోయింది. ఆ ఎంజైముకి లైసోజైమ్ అని పేరు పెట్టి 1922లో ప్రకటించాడు. పెన్సిలిన్ దొరికింది 1928లో, అంటే ఆ తర్వాతే.

ఇద్దరుపిల్లలతల్లి · మంగళవారం, ఉదయం 7:48

మధ్యలో దూరుతున్నందుకు సారీ అండీ. మా పాపకి మూడేళ్లు. జలుబు నాలుగో రోజు, చీమిడి ఆకుపచ్చగా వస్తోంది. పచ్చగా వస్తే యాంటీబయాటిక్ పడాలంటోంది మా అత్తగారు. ఇంట్లో పోయినసారిది సగం సీసా ఉంది, వేసెయ్యనా?

ల్యాబుకోటు · మంగళవారం, ఉదయం 8:02

వద్దమ్మా, ఆ సగం సీసా అసలు వద్దు. ఆ పచ్చదనం క్రిమిది కాదు. క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాల్లో ఒక ఎంజైము రంగే ఆకుపచ్చ. యుద్ధం జరుగుతోందని చెబుతుంది, శత్రువు వైరస్సో బ్యాక్టీరియానో చెప్పదు. మామూలు వైరస్ జలుబులోనూ మూడో రోజు, నాలుగో రోజు చీమిడి చిక్కబడి పచ్చబడుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

రంగు చూడకండి, పాపని చూడండి. డొక్కలు ఎగరేస్తున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, ఏమీ తాగకపోయినా, గట్టి జ్వరం ఉన్నా, పది రోజులైనా తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇద్దరుపిల్లలతల్లి · మంగళవారం, ఉదయం 8:10

ఆడుకుంటోందండీ, గోడ మీద గీతలు గీస్తోంది. థాంక్స్. అత్తగారికి ఈ పేజీ చూపిస్తా.

తీరంపిల్ల · మంగళవారం, రాత్రి 11:25

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం పక్క ఊరు. మా నానమ్మ అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ల కోసం: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకోవడం. మా ఊళ్లో ఆడవాళ్లే ఎక్కువ తాగేవారు. నిప్పు నోట్లో పెట్టుకుని చేపలు ఆరబోసేది, మాట్లాడేది, నన్ను తిట్టేది కూడా. కాలదా అని అడిగితే "లోపలుంటే గాలికి ఆరిపోదే" అనేది. నేనడిగింది అది కాదు.

కాలేజీలో ఉండగా పన్ను నొప్పికి ఆవిణ్ణి డెంటల్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన పన్ను వదిలేసి చాలాసేపు అంగిట్లోనే లైటు వేసి చూశారు. నన్ను పిలిచి చూపించారు. అంగిలంతా ఎండిన చెరువులా తెల్లగా, మందంగా బీటలు తీసింది, మధ్యమధ్యలో ఎర్రటి చుక్కలు. ఆ చుక్కలు చిన్న లాలాజల గ్రంథుల నోళ్లట, వాచిపోయి ఉన్నాయట. పరీక్షకి ముక్క తీసి పంపారు. కేన్సర్ కాదన్నారు, కానీ మానకపోతే అటే పోతుందన్నారు. డాక్టర్ ముందు బుద్ధిగా తల ఊపింది. బస్టాండ్లో బస్సెక్కే ముందు చుట్ట కొంది.

ల్యాబుకోటు · బుధవారం, ఉదయం 6:55

మీ తీరం గురించి వైద్యంలో పేరున్న అధ్యయనమే ఉంది. 1971లో వచ్చింది. ఆంధ్రలో అడ్డపొగ తాగే ఊళ్లలో 10,169 మంది అంగిళ్లు చూశారు. మామూలుగా అంగిట్లో కేన్సర్ అరుదు, అడ్డపొగ ఊళ్లలో మాత్రం అది మామూలు విషయం. వేడి, పొగ పడిన చోట పొర తనని తాను కాపాడుకోవాలని చర్మంలా గట్టిపడుతుంది. మీరు చూసిన తెలుపు అదే. అలా ఏళ్ల తరబడి రిపేరు చేసుకుంటూ ఉంటే ఎప్పుడో ఒక కణం దారి తప్పుతుంది.

ఇప్పుడు మా ల్యాబుకి పరీక్షకి వచ్చేవి గుట్కా నమిలేవాళ్ల నోటి ముక్కలే ఎక్కువ. గుట్కాలోని వక్క వల్ల పొర కింద నార పేరుకుని బుగ్గ తోలులా బిగుసుకుపోతుంది. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టాలి. పట్టకపోతే, కారం తగలగానే నోరు మండిపోతుంటే వెంటనే చూపించుకోండి. పొగాకు లేని వక్క పొట్లం మంచిదేననుకునేవాళ్లకి: ఒట్టి వక్కనే 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం కేన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. 25 ఏళ్ల కుర్రాళ్ల ముక్కలు చూస్తున్నా. విసుగొస్తోంది.

మందులబీరువా · బుధవారం, ఉదయం 10:30

నోరు అయింది కాబట్టి కడుపు గురించి నా అనుభవం. మోకాళ్ల నొప్పులకి పెయిన్ కిల్లర్ నెలల తరబడి కొనే పెద్దవాళ్లు కొన్నాళ్లకి గ్యాస్ మాత్ర కూడా అడుగుతారు. రెండూ వేరు రోగాలనుకుంటారు. కడుపులో యాసిడ్‌కి కడుపే అరిగిపోకుండా కాపాడేది ఈ జిగురే, అందులో సోడా ఉప్పు లాంటిది కలిసి ఉంటుంది. పెయిన్ కిల్లర్ నొప్పి పుట్టించే రసాయనాన్ని ఆపేటప్పుడు ఆ జిగురు ఊరమని చెప్పే రసాయనాన్నీ ఆపేస్తుంది. పుండు పడుతుంది. మలం తారులా నల్లగా వస్తుంటే నా దగ్గరికి రావొద్దు, ఆస్పత్రికి వెళ్లండి.

ఫిజిక్సుమాస్టారు · బుధవారం, సాయంత్రం 6:15

పేగు లోపలి పొరని పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పిల్లలకి చెబుతుంటాను.

ల్యాబుకోటు · బుధవారం, సాయంత్రం 6:50

ఇక చెప్పకండి మాస్టారూ 😀 స్వీడన్ వాళ్లు 2014లో మళ్లీ కొలిచారు. నోటి నుంచి కింద దాకా మొత్తం సుమారు 32 చదరపు మీటర్లు. సగం బ్యాడ్మింటన్ కోర్టు కూడా నిండదు. అయినా చర్మం రెండు చదరపు మీటర్లే కదా, దాంతో పోలిస్తే ఎంతో ఎక్కువ. పేగు మీది కణాలు అయిదారు రోజులకోసారి పూర్తిగా మారిపోతాయి.

పాతఫైళ్లు · గురువారం, ఉదయం 11:40

పేగు పొర అనగానే నాకు గుర్తొచ్చేది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే జబ్బులో చిన్న పేగు పొర మీది మెత్తటి కుచ్చులు అరిగి చదునైపోతాయి. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తహీనత, మనిషి ఎండిపోతాడు. ఆయన సోదరులిద్దరు ఆ జబ్బుతోనే పోయారు. ఆయనకీ వచ్చింది. మద్రాసులో ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి మందుతో కోలుకున్నారు. (కఫవాది గారూ, ఇది మీకు.)

తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ల్యాబులో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది, 1948లో బయటికొచ్చింది. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. ఇప్పటికీ ఉష్ణ దేశాల స్ప్రూకి ఇచ్చేవి ఆ రెండే, ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. ఇంట్లో ఇద్దరిని తీసుకుపోయిన జబ్బుకి రెండు మందులూ ఆయన అజమాయిషీలోని గదుల్లోంచే వచ్చాయి.

కఫవాది · గురువారం, మధ్యాహ్నం 12:05

ఇది తెలియదండీ. నిజంగా తెలియదు.

తార్నాకగల్లీ · గురువారం, రాత్రి 9:10

మా దగ్గర జలుబుని సర్ది అంటాం. సర్ది పోతుందని మా తమ్ముడు యూట్యూబ్ చూసి ముక్కులో నీళ్లు పోసుకునే జలనేతి మొదలుపెట్టిండు. నల్లా నీళ్లతోనే. పరవాలేదా?

ల్యాబుకోటు · గురువారం, రాత్రి 9:22

నల్లా నీళ్లతో ఆపించండి, ఈ రోజే. మింగితే ఏమీ కాని నెగ్లేరియా అనే అమీబా ముక్కు పై భాగంలోని వాసన పొర దాకా వెళ్లిందంటే అక్కడి నరాల వెంట మెదడులోకి పోతుంది. అరుదే, కానీ వచ్చినవాళ్లు బతకడం చాలా కష్టం. 2011లో అమెరికాలోని లూసియానాలో నల్లా నీళ్లతో ముక్కు కడుక్కుని ఇద్దరు చనిపోయారు. నీళ్లు బాగా మరగకాచి చల్లార్చి, ఉప్పు కలిపి చేసుకోమనండి. ఉప్పు లేని ఒట్టి నీళ్లు పొరకి మంట కూడా.

రాత్రిడ్యూటీ · తర్వాతి వారం, మంగళవారం, రాత్రి 3:05

అప్‌డేట్. డాక్టర్‌కి ఫోన్ చేసి ఒకేసారి ఆపలేకపోతున్నానని చెప్పా. ముందు ఒక ముక్కులో ఆపమన్నారు, రెండోదాంట్లో రాత్రి మాత్రమే. రాసిచ్చిన స్ప్రే రెండింట్లో రోజూ. కుడి ముక్కు మొదటి నాలుగు రోజులు సిమెంటు పోసినట్టే ఉంది. కూర్చుని నిద్రపోయా. ఆరో రోజు తెల్లవారుజామున క్యాబ్‌లో వస్తుంటే కుడి పక్క సన్నగా గాలి ఆడింది. డ్రైవరన్న పెట్టిన అగరొత్తి వాసన తగిలింది. నాలుగు నెలలైంది వాసన తెలిసి.

మిర్చిఘాటు · మంగళవారం, ఉదయం 8:00

సూపర్ తమ్ముడూ. యార్డుకి రా, మిగతాది మేం తెరిపిస్తాం.

రాత్రిడ్యూటీ · ఆ తర్వాతి ఆదివారం, రాత్రి 1:30

ఇప్పుడు రెండో ముక్కులోనూ ఆపేశా, అయిదు రోజులైంది. ఒక్క డౌటు. పన్నెండింటికి చూస్తే ఎడమది బిగుసుకుని కుడిది బాగా ఆడుతోంది. పొద్దున నాలుగింటికి తిరగబడి కుడిది బిగుసుకుంటోంది. మళ్లీ మొదలైందా?

ల్యాబుకోటు · ఆదివారం, ఉదయం 7:15

కంగారుపడకండి, అది ఆరోగ్యమే. ముక్కు స్పాంజి కొన్ని గంటలకోసారి ఒక పక్క ఉబ్బి, రెండో పక్క తగ్గుతుంది. పని చేసిన పొరకి విశ్రాంతి అన్నమాట. 1895లో కైజర్ అనే జర్మన్ డాక్టర్ రాశాడు. యోగా వాళ్లు ఎడమ ముక్కు గాలికి ఇడ, కుడిదానికి పింగళ అని పేర్లు పెట్టి అంతకు ఎంతో ముందే గమనించారు. అందరికీ జరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. నాలుగు నెలలు ముక్కుకి కాపలా కాశారు కాబట్టి మీకు తెలిసిపోతోంది.

రాత్రిడ్యూటీ · ఆదివారం, మధ్యాహ్నం 2:50

ఇన్నేళ్లూ రెండూ సమానంగా ఆడతాయనుకున్నా. ఇందాక బండి సర్వీసింగుకి ఇస్తుంటే డిక్కీలో ఇంకో సీసా దొరికింది, నేనే దాచి మర్చిపోయినట్టున్నా. పారేశా. మూత తీసి వాసన మాత్రం చూశా.